మూడు వాటాల కోట

కోబ్లెంజ్, జర్మనీ

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. పోయిన ఆదివారం ఎల్ట్స్ కోటకి వెళ్ళాం. లోపల ఫోటోలు తియ్యనివ్వరు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మోజెల్‌కెర్న్‌లో రైలు దిగి, అడవిలో వాగు వెంట నడిచి వెళ్ళాలి. దాదాపు 70 మీటర్ల రాతిగుట్ట మీద కోట, మూడు వైపులా ఆ వాగే. 1157 నాటి చక్రవర్తి దానపత్రంలో ఈ కోట సొంతదారులైన ఎల్ట్స్ వంశపు రుడాల్ఫ్ సాక్షి. అప్పటి నుంచి కోట ఆ ఇంటివాళ్ళ చెయ్యి దాటలేదు. 1331లో ట్రియర్ ఆర్చిబిషప్‌తో (ఆ ప్రాంతాన్ని ఏలిన క్రైస్తవ మతాధిపతి) గొడవొస్తే, ఆయన ఎదుటి కొండమీద చిన్న కోట కట్టించి దీనిమీద రాళ్ళు విసిరించాడు. చివరికి వీళ్ళు ఆయనకి లోబడ్డారు గానీ కోట మిగిలింది.

మీకు చెప్పాలనుకున్నది వేరే. 1268 నాటికే ముగ్గురు అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు. కోట మాత్రం వదల్లేదు. ఒకే ప్రహరీలో ఎవరిళ్ళు వాళ్ళు కట్టుకున్నారు, నడిమి వాకిలి అందరిదీ. చోటు ఇరుకు కాబట్టి ఇళ్ళన్నీ పైకే లేచాయి. ఎవరి హక్కేమిటి, మరమ్మతుల్లో ఎవరి బాధ్యతేమిటి అన్నీ కాగితం మీద రాసుకున్నారు. 1815లో ఒక శాఖవాళ్ళు మిగిలిన వాటా కొనేదాకా అలాగే నడిచింది. బాబాయీ మీరూ పంపకాల కాగితం రాసుకునేటప్పుడు బావి, వాకిలి ఉమ్మడిగా ఉంచి, ఖర్చు ఎవరు పెట్టాలో కూడా రాయించండి. మాటల మీద వదిలేస్తే తర్వాత మాకే తలనొప్పి.

ఒక పడగ్గదిలో పూజగది గోడ దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. దేవుడి నెత్తిన ఎవరూ కాపురం ఉండకూడదని అలా కట్టారట! పెద్ద హాల్లో గోడలకి విదూషకుల ముఖాలు చెక్కారు, అంటే ఇక్కడ ఎవరైనా ఏమైనా అనొచ్చని. గుమ్మం మీద మాత్రం గులాబీ: విన్నది గడప దాటకూడదు. మన వసారాకి అలాంటిదొకటి అర్జెంటుగా కావాలి.

15వ శతాబ్దంలోనే ఇరవై దాకా మరుగుదొడ్లు, వాననీళ్ళతో కడిగేవి. అమ్మకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

కోట చలికాలంలో మూసేస్తారు, ఏప్రిల్‌లో తెరుస్తారు. మీ ఇద్దరి పాస్‌పోర్టుల కాపీలు పంపితే వీసా పని మొదలుపెడతాను. అమ్మ మోకాళ్ళకి ఆ మెట్లు కష్టమే, నిదానంగా ఎక్కిద్దాం.

మీ
రవి