క్రిస్మస్ నక్షత్రాన్ని దించడానికీ ఒక సాయంత్రం కావాలి

సంపాదక మహాశయులకు,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వీధుల్లో కొందరు క్రిస్మస్ నక్షత్రాన్ని డిసెంబరు 26 ఉదయమే పీకేస్తారు. మరికొందరి ఇళ్ల ముందు అది చినిగి, రంగు వెలిసి ఫిబ్రవరి దాకా వేలాడుతుంది. పండుగ మొదలుపెట్టడానికి అంత హడావుడి పడే మనం దాన్ని ముగించడానికి ఒక్క సాయంత్రం కేటాయించకపోవడం బాధగా ఉంది. 2011 జనాభా లెక్కల్లో పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లావాసుల్లో మూడో వంతుకు పైగా క్రైస్తవులే. ఇక్కడి తెలుగు కుటుంబాలు జనవరి 6న, నక్షత్రాన్ని చూసి బాల యేసును వెతుక్కుంటూ వచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల పండుగనాడు, ఇళ్లలో చిన్న కూడిక పెట్టుకోవాలని మా కోరిక. డిసెంబరు 25 నుంచి లెక్కిస్తే 5వ తేదీకి పన్నెండు రోజులు నిండుతాయి, మర్నాడే ఈ పండుగ. కతోలికులు మన దేశంలో దీన్ని జనవరి 2, 8 తేదీల మధ్య వచ్చే ఆదివారం చేస్తారు కనుక వాళ్లనూ పిలిచేటట్లయితే తేదీ ముందే మాట్లాడుకోవాలి.

చర్చిలో కాక ఇంట్లోనే ఎందుకంటే, జ్ఞానులు ‘ఇంటిలోనికి’ వచ్చారనే మత్తయి సువార్త రెండో అధ్యాయం చెబుతోంది. అందుకే పశువుల పాక బొమ్మల్లో జ్ఞానులను 25నే తొట్టి పక్కన నిలబెట్టకండి. గదిలో తూర్పు మూలన పెట్టి రోజూ కాస్త ముందుకు జరిపిస్తే పిల్లలు పన్నెండు రోజులూ పండుగలోనే ఉంటారు.

జనవరిలో అయిదున్నరకే చీకటి పడుతుంది. అప్పుడు మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ముగిస్తే కొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చలి ముదరకముందే ఇల్లు చేరతారు. మొదట వాక్యం తెలుగులోనూ ఒడియాలోనూ చదవాలి. ఇక్కడ మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ బళ్లో నేర్చింది ఒడియా లిపి. తెలుగు పాటలను ఆ లిపిలో కూడా అచ్చువేసి ఇస్తే వాళ్లూ గొంతు కలుపుతారు. లేకపోతే పాడేది పెద్దవాళ్లే, పిల్లలు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు.

జ్ఞానుల కానుకల్లో సాంబ్రాణి ఉంది కనుక ధూపం వేయడం సబబే. కొబ్బరి చిప్ప నిప్పులు పొగ తగ్గి బూడిద పట్టాక చిటికెడు చాలు. గుప్పెడు వేస్తే ఉబ్బసం ఉన్నవాళ్లు లేచి వెళ్లిపోవాలి. రెండు కిటికీలైనా తెరిచి ఉంచండి. ఆ తర్వాత జర్మనీ, పోలండ్ ఇళ్లలో చేసినట్టు వాకిలి పైన సుద్దతో దీవెన రాయవచ్చు. 2027కైతే ‘20 + సి + ఎం + బి + 27’ అని, ఆ మూడు అక్షరాలనూ ఇంగ్లీషులో రాస్తారు. క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక అనే లాటిన్ వాక్యంలోని మాటల మొదటి అక్షరాలవి. ఆయిల్ పెయింటు వేసిన ద్వారబంధం మీద సుద్ద జారిపోతుంది. దాని పైనున్న గోడ మీద రాయండి. సుద్దను ఒక్క నిమిషం నీళ్లలో తడిపితే ఆరాక గీత తెల్లగా నిలుస్తుంది.

యూరప్‌లో ఈ రోజు కేకులో ఒక గింజ దాచే ఆచారం ఉంది. ఫ్రాన్స్‌లో ఇంట్లో అందరికంటే చిన్న పిల్లవాడు బల్ల కింద దూరి ఏ ముక్క ఎవరికో చెబుతాడు, గింజ వచ్చినవారికి కిరీటం పెడతారు. మన దగ్గర గింజ వచ్చినవారి ఇంట్లో వచ్చే ఏడాది కూడిక అనుకుంటే సరి. ఒక కేకుకు మైదా అరకిలో, గోరువెచ్చని పాలు 220 మిల్లీలీటర్లు, పొడి ఈస్ట్ 7 గ్రాములు, చక్కెర 80 గ్రాములు, వెన్న 80 గ్రాములు, ఒక గుడ్డు, అర చెంచా ఉప్పు. దీనితో 14 ముక్కలొస్తాయి, నలభై మందికి మూడు కేకులు కావాలి. పాలు వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది, పిండి ఎంతసేపు ఉంచినా పొంగదు. ఇక్కడి చలికి గంటలో పొంగాల్సిన పిండికి రెండు గంటలు పట్టొచ్చు. గడియారం చూడకండి, రెట్టింపు అయిందా లేదా చూడండి. పొంగాక వడలా మధ్యలో పెద్ద రంధ్రం పెట్టి, మళ్లీ అరగంట ఆగి 180 డిగ్రీల్లో సుమారు 25 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేకపోతే బేకరీవాళ్లను అడిగితే సరిపోతుంది. దాచడానికి ప్లాస్టిక్ బొమ్మ వద్దు. కేకు చల్లారాక అడుగు నుంచి ఒక బాదం పప్పు గుచ్చండి. అయిదేళ్లలోపు పిల్లలకు ఇచ్చే ముక్కను ముందు తుంచి చూడాలి, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. నలభై కప్పుల టీకి పాలు రెండున్నర లీటర్లు, నీళ్లు లీటరున్నర, టీపొడి 110 గ్రాములు సరిపోతాయి.

నక్షత్రాన్ని దించేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసేయాలి. పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ తీగ మీద ఉంటే దీపం ఆరినా హోల్డరులో కరెంటు ఉంటుంది. రెండు వారాల మంచుకు హోల్డరు దగ్గర తీగ తొడుగు చిట్లి ఉండవచ్చు కూడా. వెదురు గడను సర్వీసు తీగ ఉన్న వైపు వాల్చకండి.

చెట్టుగా నిలబెట్టిన సరుగుడు కొమ్మ అప్పటికి పూర్తిగా ఎండిపోయి ఉంటుంది. సూదుల్లాంటి దాని సన్నని రెమ్మలు ఒక్క నిప్పురవ్వకే భగ్గుమంటాయి కనుక ఆ గదిలో కొవ్వొత్తులు వెలిగించవద్దు. దూదిని, మెరుపు కాగితాలను ఒక్కటి మిగలకుండా తీసేసి కొమ్మను రెండడుగుల ముక్కలు నరకండి. ఆ తర్వాత వారం, ఎనిమిది రోజులకే భోగి. పక్కింటివారు మంటకు అడిగితే అవే ఇవ్వవచ్చు, కానీ ప్లాస్టిక్ పోగు ఒక్కటి కూడా అందులో ఉండకూడదు.

డిసెంబరు చివరి వారంలో మీ ఒడిశా సరిహద్దు పేజీలో ఈ కూడికల తేదీలూ వేళలూ రెండు భాషల చర్చిల నుంచి సేకరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాం.

భవదీయులు,
కొందరు సంఘస్థులు, పర్లాకిమిడి