నీళ్లు మరిగేలోపు

ఏరా, బాగున్నావా?

ఉత్తరం అందింది. కొండెక్కడానికి పోతూ స్టవ్వూ గిన్నే మోసుకెళ్లడం ఏంట్రా, ఫ్లాస్కులో పోసుకుపోతే సరిపోదా అన్నావు కదా. పైగా "మీరు టీ తాగడానికి అడవికి పోతారా, అడవి చూడ్డానికి టీ తాగుతారా" అని ఓ ఎత్తిపొడుపు కూడా. ఫోన్లో చెబితే మధ్యలో నవ్వుతావని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు ఫ్లాస్కు సంగతి. మూత తిప్పగానే టీ వచ్చేస్తుంది, అదే దాంతో చిక్కు. మాకు టీ ఒక్కటే కాదు, అది తయారయ్యేదాకా కూర్చోవడం కూడా కావాలి. నడిచేవాడి కాళ్లు ఊరుకోవు కదా. ఆ మలుపు దాటితే ఏముందో, ఆ గుట్ట ఎక్కితే ఏం కనిపిస్తుందో అనుకుంటూ పోతూనే ఉంటాడు. మధ్యలో ఆగినా నాలుగు ఫొటోలు కొట్టి మళ్లీ బయల్దేరతాడు. అదే స్టవ్వు వెలిగించాడనుకో, ఇక కదలడానికి లేదు. మంట వదిలేసి ఎక్కడికి పోతాడు? మొదట్లో అందరం ఒకటే వాగుడు. కాసేపటికి మాటలు వాటంతటవే తగ్గుతాయి. మన అలికిడికి ఎగిరిపోయిన పిట్టలు మళ్లీ వచ్చి వాలేది అప్పుడే. కొమ్మ వెనక నక్కిన ఉడత, వీళ్ల వల్ల ప్రమాదమేం లేదులే అనుకుని కిందికి దిగేదీ అప్పుడే. అడవి మన దగ్గరికి రావాలంటే దానికి కాస్త టైమివ్వాలి. నీళ్లు మరిగే టైమ్ చాలు.

మా బ్యాచ్‌లో అందరం టీ మనుషులమే గానీ ఒక్కొక్కరిది ఒక్కో పిచ్చి. ఒకాయనకి పిట్టలు. గొంతు విని పేరు చెప్పేస్తాడు. ఇంకొకావిడకి రాళ్లు. మేం కూర్చునే బండ ఎలా పుట్టిందో చెప్పాకే మమ్మల్ని కూర్చోనిస్తుంది. ఇంకో పెద్దాయన మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతూ ఉంటుంది, ఆయనది నాచు పిచ్చి. నాచులో ఏముంటుందండీ చూడ్డానికి అని నేనూ మొదట్లో అనుకున్నవాణ్నే. పోయినసారి ఒక రాతి మీద ఎండి నల్లబడిన నాచు ముద్ద చూపించాడు. వేలితో తాకితే పొడిపొడిగా రాలిపోయేలా ఉంది. సీసాలో మిగిలిన నీళ్లు నాలుగు చుక్కలు దాని మీద వేసి భూతద్దం నా చేతికిచ్చాడు. మెలితిరిగి కాండానికి అతుక్కుపోయిన ఆకులు ఒక్కొక్కటే విడిపోతున్నాయి! నలుపు పోయి పచ్చరంగు పైకి తేలింది. ప్రతి ఆకు కొసనా వెంట్రుకంత తెల్లటి ముల్లు. స్టవ్వు మీద నీళ్లు ఇంకా సలసలమననేలేదు, ఇక్కడ ఇంత జరిగిపోయింది. నాచుకి నీళ్లు పీల్చే వేర్లుండవు, ఒళ్లంతటితోనూ తాగేస్తుంది. ఎండిపోతే చచ్చిపోదు, పని ఆపేసి ఊరుకుంటుంది. తడి తగిలితే మళ్లీ మొదలు. ఆ తర్వాత మా గిన్నెలో టీ ఆకు విచ్చుకుంటుంటే ఆయన, "ఇది విచ్చుకుంటుంది గానీ బతకదు" అన్నాడు. ఆయన మాట్లాడేదే తక్కువ, మాట్లాడితే ఇలాంటివే.

ఇదంతా మేం కొత్తగా కనిపెట్టిన వేషం అనుకోకు. 8వ శతాబ్దంలో చైనాలో లూ యూ అని ఒకాయన టీ మీద ఏకంగా పుస్తకమే రాశాడు. టీ పెట్టడానికి ఆయన చెప్పిన సామగ్రి చూస్తే గుండె ఆగుతుంది, ఇరవై పైచిలుకు. అంత పట్టింపు మనిషి కూడా చివర్లో ఓ చిన్న అధ్యాయంలో మెత్తబడిపోయాడు. పైన్ చెట్ల మధ్య కూర్చోవడానికి రాయి దొరికితే సామాన్ల బల్ల అక్కర్లేదన్నాడు. పక్కనే ఊట ఉంటే నీళ్ల కుండ మానేయొచ్చన్నాడు. అంటే కొండ ఏమిస్తే అది వాడుకో, మిగతాదే మోసుకెళ్లు అని. మా మూటలో ఏం ఉండాలో ఏం ఉండకూడదో నేను అక్కడే నేర్చుకున్నాను.

నీళ్ల గురించీ ఆయనకి గట్టి అభిప్రాయాలున్నాయి. కొండ నీళ్లు మేలు, ఆ తర్వాత నది నీళ్లు, అన్నిటికంటే కింద బావి నీళ్లు. కొండ నీళ్లలో కూడా రాళ్ల మధ్య నిదానంగా పారేవే తీసుకోవాలట, హోరుమని దూకేవి వద్దట. ఇందులో కొంత నిజం నాలుకకే తెలుస్తుంది. సున్నం ఎక్కువున్న నీళ్లతో టీ పెట్టి చూడు, పైన నూనె తేలినట్టు తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. కాకపోతే ఊట ఎంత తేటగా ఉన్నా నమ్మకు. పైన ఎక్కడో ఏ జంతువు నీళ్లలో దిగిందో మనకేం తెలుసు? బాగా తెర్లాక ఒక నిమిషం ఆగాలి. రెండు వేల మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు.

మూడు నిమిషాలు ఎందుకంటే, పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. సుమారుగా ప్రతి 300 మీటర్లకీ ఒక డిగ్రీ తగ్గుతుందనుకో. మూడు వేల మీటర్ల ఎత్తులో 90 డిగ్రీల దగ్గరే బుడగలు తన్నుకొస్తాయి. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కదు. అందుకే బాగా ఎత్తుకి పోయినప్పుడు మామూలు టీ పొడి పలచగా, ప్రాణం లేనట్టు దిగుతుంది. అక్కడికి గ్రీన్ టీ పట్టుకెళ్లడం తెలివి. దానికి ఎలాగూ 70, 80 డిగ్రీలే కావాలి. ఇంకో సంగతి, చలి ముదిరితే గ్యాస్ డబ్బా మొరాయిస్తుంది. అందులో ఉండే బ్యూటేన్ అనే గ్యాస్ సున్నా డిగ్రీలకి కాస్త కిందికి పోతే ఆవిరే అవదు, డబ్బా నిండా గ్యాసున్నా మంట రాదు. అందుకే రాత్రి దుప్పట్లో మాతో పాటు డబ్బానీ పడుకోబెట్టుకుంటాం. నవ్వకు.

ఇక నా మనసుకి బాగా పట్టిన ముచ్చట. 1587లో జపాన్‌లో హిదెయోషి అనే పాలకుడు క్యోటోలో కితానో దగ్గరి చెట్ల తోపులో పెద్ద టీ జాతర పెట్టించాడు. ఊరంతా చాటింపు. సైనికుల సేవకులైనా, వర్తకులైనా, రైతులైనా రావచ్చు. ఒక కెటిలూ, నీళ్లు తోడుకోవడానికో బాల్చీ, తాగడానికో గిన్నె తెచ్చుకుంటే చాలు. టీ కొనుక్కునే స్తోమత లేనివాళ్లు వేయించిన పిండి కలుపుకున్నా సరే అన్నారు. హెచికాన్ అనే ఒక విచిత్రమైన మనిషి అక్కడ పెద్ద ఎర్ర గొడుగు పాతి, దాని కింద టీ పెట్టుకుని కూర్చున్నాడని చెబుతారు. హిదెయోషి తన గొప్ప చాటుకోవడానికే చేయించి ఉంటాడు, అది వేరే సంగతి. పది రోజులనుకున్నది ఒక్క రోజుకే ముగించేశారు. అయినా ఆ ఒక్క రోజు చెట్ల కింద వందల పొయ్యిల పొగ, పక్కవాడి గిన్నెలోకి తొంగి చూస్తూ "మీ నీళ్లు ఎక్కడివి" అని అడగడం, ఎంత సందడిగా ఉండి ఉంటుందో! నాకైతే ఆ ఎర్ర గొడుగాయన మా బ్యాచ్ మనిషిలాగే అనిపిస్తాడు.

ఇంతకీ నీ ఎత్తిపొడుపుకి జవాబివ్వలేదు కదూ. టీ కోసం అడవా, అడవి కోసం టీయా? నాకు ఆ రెండూ వేరు వేరుగా కనిపించడం ఎప్పుడో మానేశాయి. కోసేవాళ్లకి అందాలని నడుము ఎత్తులో కత్తిరించి ఉంచుతారు కాబట్టి టీ అంటే పొద అనుకుంటాం. వదిలేస్తే అది చెట్టు, ఇల్లంత ఎత్తు పెరుగుతుంది. తైవాన్‌లో ఓరియెంటల్ బ్యూటీ అని ఒక టీ ఉంది. వేసవిలో పచ్చదోమ జాతి పురుగు చిన్నది ఒకటి లేత ఆకుల్ని కుట్టి రసం పీలుస్తుంది. ఆ చెట్టు తనను తాను కాపాడుకోవడానికి రకరకాల సువాసన పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఆ టీలో తేనె వాసన వచ్చేది వాటి వల్లే. పురుగు కుట్టకపోతే ఆ వాసనే లేదు, అందుకని ఆ తోటల్లో పురుగు మందు కొట్టరు. వేరే ఎక్కడైనా పచ్చదోమ అంటే రైతుకి టెన్షన్, అక్కడ మాత్రం అది రావాలని ఎదురుచూస్తారు. మా పిట్టలాయన ఓసారి ఆ టీ పట్టుకొచ్చాడు. ఆకులు ఒక్క రంగులో లేవు, తెలుపు, గోధుమ, ఎరుపు కలగలిసి చిన్నగా ముడుచుకుని ఉన్నాయి. ఒక్క గుక్క తాగి అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ పురుగు మీద మాట్లాడుకుంటూ రెండోసారి నీళ్లు పెట్టాం.

ఎండలో వేడి టీ ఏంటి అని కూడా అడుగుతావు, నాకు తెలుసు. 2012లో కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్నే పరీక్షించారు. వేడిది తాగితే చెమట ఎక్కువ పడుతుంది, ఆ చెమటంతా ఆరిపోతే లోపలికి పోయిన వేడికంటే బయటికి పోయే వేడే ఎక్కువ అని తేలింది. అంటే గాలి పొడిగా ఉండాలి. ఉక్కపోతలో చెమట కారిపోవడమే గానీ ఆరదు, అప్పుడు మాత్రం చల్లటి నీళ్లే తాగు.

టీ సంచుల గొడవ ఒకటుంది. మా రాళ్లావిడ వాటిని చూస్తే చాలు, అంత ఎత్తున లేస్తుంది. 2019లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు, ప్లాస్టిక్‌తో చేసిన ఒక్క టీ సంచి వేడి నీళ్లలో పడితే సుమారు 1160 కోట్ల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వదులుతుందని లెక్కగట్టారు. పైగా ఆ సంచి మట్టిలో పాతినా కుళ్లదు. తమాషా ఏంటంటే, ఆ గుణమే శాస్త్రవేత్తలకి పనికొచ్చింది. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక చిట్కా ప్రకటించారు. గ్రీన్ టీ సంచి ఒకటి, రూయిబోస్ (దక్షిణాఫ్రికాలో ఒక పొద ఆకుతో చేసే ఎర్ర టీ) సంచి ఒకటి తూకం వేసి, 8 సెంటీమీటర్ల లోతులో పాతిపెట్టి, 90 రోజులయ్యాక తవ్వి ఆరబెట్టి మళ్లీ తూచాలి. గ్రీన్ టీ తొందరగా కుళ్లుతుంది, రూయిబోస్ నిదానంగా కుళ్లుతుంది. రెండిట్లో ఎంతెంత తగ్గిందో చూస్తే ఆ నేల చెత్తని ఎంత వేగంగా అరిగించుకుంటుందో తెలుస్తుంది. ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు, ఒక మంచి త్రాసు చాలు. బడి పిల్లలు కూడా చేయగలరు. ప్రపంచమంతా ఎంతోమంది చేసి పంపారు కూడా.

అలాగని మేం తాగేసిన ఆకుని అడవిలో పారబోయం. ఆకే కదా, మట్టిలో కలిసిపోతుంది అంటారు చాలామంది. కలుస్తుంది, కానీ నీ వెనక వచ్చేవాడికి ఆ బండ పక్కన కనిపించేది పిప్పి కుప్పే. అందరూ అదే చోట కూర్చుంటారు మరి. మూత గట్టిగా ఉన్న డబ్బా ఒకటి తెచ్చుకుని పిప్పంతా అందులో వేసి వెనక్కి పట్టుకుపోతాం. మంట కూడా స్టవ్వు మీదే, పుల్లలు ఏరి నెగడు వేయడం లేదు. గడ్డి ఎండిపోయిన కాలంలో స్టవ్వు కూడా వెలిగించం. అలాంటప్పుడు మాత్రం నీ ఫ్లాస్కే గతి, ఒప్పుకుంటున్నాను. కానీ అందులో టీ పోసుకురావద్దు, గంటలకొద్దీ ఉంటే చేదెక్కి, రంగు మారి, ఉడికిన వాసన వస్తుంది. వేడి నీళ్లు పోసుకుని, ఆకు విడిగా పొట్లం కట్టి తీసుకురా. అక్కడికొచ్చాక కలుపు. కనీసం అది నానేదాకా అయినా కూర్చుంటావు.

ఇంత చెప్పాక రాకుండా ఉంటావా? వర్షాలు ఆగాక వచ్చే మొదటి సెలవుకి రా. నీ గ్లాసు నువ్వే తెచ్చుకో, మందంగా ఉండాలి, పలచటి స్టీలుదైతే పెదాలు కాలతాయి. కింద వేసుకోవడానికి ఏదైనా పట్టా, తడిసినా పర్లేదనుకునే ప్యాంటు. పాల సంగతి మాత్రం ముందే తేల్చి రాయి. పాలపొడి తేవడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, పిట్టలాయన ముందు ఆ పొట్లం విప్పితే నెమ్మదిగా లేచి వేరే చెట్టు కిందికి పోతాడు. నువ్వు ఆయన పక్కనే కూర్చుని ఆ పని చేస్తే చూడాలని మా అందరికీ ఉంది.

నీ
పాత టీ బాకీదారు