నివారణ మందులపై పరీక్షలు మన నగరంలోనూ జరగాలి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ, పెద్దమ్మ ఇద్దరూ రొమ్ము క్యాన్సర్ బారిన పడ్డారు. జబ్బు రాకముందే వాడదగిన మందు ఉందా అని నేను అడిగిన ప్రతిచోటా మామోగ్రామ్ చేయించుకోమన్నారే తప్ప జవాబు చెప్పలేదు. నిజానికి, ముప్పు ఎక్కువగా ఉన్న 13,388 మంది మహిళలతో ఉత్తర అమెరికాలో జరిపిన పరీక్షలో, రొమ్ము క్యాన్సర్ చికిత్సకు వాడే టామాక్సిఫెన్ అనే మందు వల్ల చుట్టుపక్కల కణజాలంలోకి పాకే రొమ్ము క్యాన్సర్ కేసులు దాదాపు సగానికి తగ్గాయని 1998లోనే వెల్లడైంది. అయితే అదే మందు, ముఖ్యంగా యాభై దాటినవారిలో, గర్భాశయ లోపొర క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలను పెంచింది; ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇచ్చే మందు విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అందుకే, రొమ్ములో క్యాన్సర్ తొలి దశ మార్పులకు శస్త్రచికిత్స చేయించుకున్న 500 మందిపై జరిపిన పరీక్షలో అదే మందును మామూలు మోతాదుకంటే బాగా తగ్గించి, రోజుకు 5 మిల్లీగ్రాములే మూడేళ్లు ఇస్తే, జబ్బు తిరిగి రావడం సగానికి తగ్గిందని ఇటలీ పరిశోధకులు 2019లో ప్రచురించిన ఫలితం నాకు ఆశ కలిగించింది.

అమెరికా పరీక్షలో పాల్గొన్నవారిలో అత్యధికులు శ్వేతజాతి మహిళలు. మన స్త్రీలకు ఈ జబ్బు వారికంటే చిన్న వయసులోనే వస్తోంది. పేటెంటు గడువు తీరిన చవక మందు కనుక కంపెనీలు దీనిపై ఖర్చు పెడతాయని నేననుకోను. భారత వైద్య పరిశోధన మండలి నిధులిచ్చి, రెడ్‌హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే, పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రులలో, కుటుంబ చరిత్ర ఉన్న మహిళలకు లాభనష్టాలు తెలుగులో వివరించి, వారి సమ్మతితో ఈ తక్కువ మోతాదు పరీక్షను చేపట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్