ఆర్కాట్ రోడ్డు గోడల మీద విలన్లకూ చోటివ్వండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

ఆర్కాట్ రోడ్డు మీదుగా మెట్రో రెండో దశ పనులు మొదలైనప్పటి నుంచీ ఇక్కడి తెలుగువాళ్లలో ఒక మాట నడుస్తోంది. కోడంబాక్కం, వడపళని స్టేషన్లలో పాత సినిమాల బొమ్మలు పెట్టమని అధికారులకు అర్జీ ఇద్దామని. చాలా మంచి ఆలోచన. మొన్న కొందరం కూర్చుని పేర్లు రాస్తుంటే హీరోలు, హీరోయిన్లు, దర్శకులు, గాయకులు వరసగా వచ్చేశారు. ఎస్.వి. రంగారావు గారి పేరు నేను గుర్తుచేశాను. ‘ఘటోత్కచుడి బొమ్మ పెడదాం అమ్మా, మాంత్రికుడు మాత్రం వద్దు. పిల్లలు తిరిగే చోటు’ అన్నారు ఒక పెద్దాయన. అందరూ సరే అన్నారు. నేను అనలేకపోయాను.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని తీసింది ఇక్కడి వాహినీ స్టూడియోలోనే. స్టూడియో ఉన్న నేల మీద ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. అందులో హీరో తోటరాముడు ఎంత ముద్దొచ్చినా కథ నడిపేది రంగారావు గారు వేసిన నేపాళ మాంత్రికుడే. ఆశపెట్టి గుహ దాకా తీసుకెళ్లేదీ ఆయనే, బలివ్వాలని చూసేదీ ఆయనే. ఆయన రాకపోతే రాముడు ఉజ్జయినిలో తోటమాలి కొడుకుగానే ఉండిపోయేవాడు. ఆ గడ్డం నిమరడం, ఆ కళ్లు, ‘డింభకా’ అనే పిలుపు డెబ్బై ఏళ్లు దాటినా మన ఇళ్లలో వినపడుతున్నాయి. 1963 నాటి ‘నర్తనశాల’లో ఆయనే కీచకుడు. జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది ఆ వేషానికే. పరాయి దేశం వాళ్లు మెచ్చిన కీచకుడు మన వీధిలో గోడకు పనికిరాడా?

పిల్లలు చెడిపోతారన్న భయం మన పెద్దలకు లేదు. 1958లో ఏవీఎం వాళ్లు ‘భూకైలాస్’ తీసినప్పుడు రావణుడు ఎన్టీఆర్. మూడేళ్లకు ఆయన స్వయంగా ‘సీతారామ కల్యాణం’ తీస్తూ రాముడి వేషం హరనాథ్‌కు ఇచ్చి, రావణుణ్ణి తన దగ్గర ఉంచుకున్నారు. తన పేగులనే తీగలుగా చేసి వీణ మీటే ఆ రావణుడి భక్తి చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయినా వాడు చేసిన తప్పు తప్పు కాకుండా పోలేదు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు వేషాలతో పాటు దుర్యోధనుడూ ఆయనే. యాంటీ హీరో అంటే ఈ మధ్య పుట్టిన ఫ్యాషన్ అనుకునే కుర్రాళ్లకు ఇవి చూపించాలి. అహంకారం మనిషిని ఎంత ఎత్తుకు తీసుకెళ్లి ఎక్కడ పడేస్తుందో మనకు నేర్పింది ఈ పాత్రలే.

ఆడవాళ్లను అసలు మర్చిపోయాం. 1962లో విజయా వారి సినిమాలో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నారు. పేరు మాత్రం ‘గుండమ్మ కథ’. ఇద్దరు అగ్రహీరోలను పక్కన పెట్టుకుని, సవతి కూతురితో గొడ్డుచాకిరీ చేయించే గయ్యాళి పేరు సినిమాకు పెట్టారంటే సూర్యకాంతం గారి సత్తా ఏమిటో నేను వేరే చెప్పాలా? ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టాలంటే జనం జంకేవారని అంటారు. అంత బలంగా నటించినావిడకు ఈ ఊళ్లో ఒక చిన్న పలక అయినా నాకు కనపడలేదు.

ఇక రావు గోపాలరావు గారు. 1975లో బాపు రమణల ‘ముత్యాలముగ్గు’లో కాంట్రాక్టర్ కేకలు వేయడు, కళ్లెర్రజేయడు. గోదావరి యాసలో తాపీగా మాట్లాడుతూ వణికిస్తాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. హీరోకు పుస్తకాల తెలుగు, విలన్‌కు పల్లె యాస అని మన సినిమాలు చాలాకాలం పంచి పెట్టాయి. అది ఆయా ప్రాంతాల వాళ్లను నొప్పించింది, వాళ్ల బాధ న్యాయమే. కానీ చెన్నైలో పుట్టి, బళ్లో తెలుగు చదువుకోని మా పిల్లలకు ఆ యాసల రుచి తెలిసింది ఎక్కువగా ఆ విలన్ల వల్లనే.

మాంత్రికుడి బొమ్మకు అభ్యంతరం చెప్పేవాళ్లు ఇవాళ్టి ఫ్లెక్సీల వైపు చూడాలి. 2021లో వచ్చిన ‘పుష్ప’లో ఎర్రచందనం స్మగ్లరే హీరో. ఆ పాత్రకు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యారు, తెలుగులో అది మొదటిసారి. నటనకు నేనూ చప్పట్లు కొట్టాను. కానీ 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు నుంచి వెళ్లినవాళ్లే. ఆ వ్యాపారం అడుగున ఉండేది అలాంటి కూలి మనుషులు. పిల్లాడు స్మగ్లర్‌లా గడ్డం కింద చెయ్యి పోనిచ్చి నడుస్తుంటే మురిసిపోయి వీడియో తీస్తున్నాం. చెడ్డవాడు చెడ్డవాడని స్పష్టంగా తెలిసే పాత్రను మాత్రం గోడ మీద వద్దంటున్నాం. నాకు ఇది సరిగా తోచడం లేదు.

ఇది తెలుగువాళ్ల కోరికగా మాత్రమే మిగలక్కర్లేదు. రంగారావు గారిని తమిళులూ తమవాడనే అనుకుంటారు. తమిళంలో ఎం.ఆర్. రాధా ఆడిన ‘రక్తకన్నీరు’ నాటకాన్ని తెలుగులో ఊరూరా ఆడిన నాగభూషణం గారికి అదే ఇంటి పేరైపోయింది. తెర మీద అన్ని దుర్మార్గాలు చేసిన నంబియార్ గారు బయట అయ్యప్ప భక్తులకు గురుస్వామి. వీళ్లందరినీ విలన్లు రాజనాల, పి.ఎస్. వీరప్పలతో కలిపి ఒకే గోడ మీద పెట్టొచ్చు. పాత్ర పేరు, సినిమా, సంవత్సరం తమిళంలోనూ తెలుగులోనూ రాస్తే చాలు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పేరు, హాస్యనటుడు వివేక్ పేరు వీధులకు పెట్టిన నగరం ఇది. అడిగితే వింటారనే నా నమ్మకం.

తెలుగు సంఘాలు అర్జీ పంపే ముందు ఆ జాబితాను ఒకసారి సరిచూడాలని కోరుతున్నాను. సాలిగ్రామం, టి.నగర్ ప్రాంతాల్లో పాత స్టిల్స్, పాటల పుస్తకాలు దాచుకున్న సినిమా కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఇళ్లు అమ్మి, ఫ్లాట్లు కట్టే హడావుడిలో అవి పాత కాగితాల వాళ్లకు పోకముందే వెళ్లి అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వడపళని, చెన్నై