శాలువాలు సరే, చీటీ మీద రాసేదెవరు?

సంపాదకులు గారికి,

నర్సుల దినోత్సవం ఫొటో మీ పత్రికలో వచ్చి పది రోజులు దాటింది. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. శాలువాలు, మెమెంటోలు, పక్కన నలుగురు పెద్దమనుషుల నవ్వులు. శాలువా కప్పించుకున్నవాళ్లలో ఒకావిడ మా ఇంటావిడతో కలిసి కోవిడ్ వార్డులో నైట్ డ్యూటీలు చేసిన మనిషే. స్టేజీ మెట్లు దిగుతుంటే ఆవిడకి కళ్లు తిరిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయిందట. అది వార్తలో లేదు. ఫొటోలో రెయిలింగ్ పడలేదు మరి.

మా ఇంటావిడ ఇరవై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసింది. సెలైన్ చుక్కలు వాచీ చూడకుండా లెక్కపెట్టేసేది. 2021 మేలో, సెకండ్ వేవ్‌లో, డ్యూటీలోనే అంటుకుంది. రెండు వారాలకి నెగిటివ్ వచ్చింది, గండం గడిచిందన్నారు అందరూ. గడవలేదు. లాంగ్ కోవిడ్ అంటారే, కోవిడ్ పోయినా ఒంట్లో మిగిలిపోయే జబ్బు, అది పట్టుకుంది. ఇప్పుడు మోటారు కట్టేయాలన్నది కూడా బాల్‌పెన్నుతో అరచేతి మీద రాసుకుంటోంది. మొన్న జల్లెడ చేతిలో పట్టుకుని, "దీన్నేమంటారండీ?" అని నన్నడిగింది. పాలు పొంగి మాడిపోతే పక్కింటివాళ్లు కేకెయ్యాలి, ఈవిడకి వాసన తెలియదు. రాత్రయితే పాదాల్లో మంటలు, తిమ్మిర్లు. లేచి నిలబడితే గుండె దడదడ.

స్కానింగ్ నార్మల్, రక్తం నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని ఒక బీ కాంప్లెక్స్ రాసిచ్చారు. సన్నపాటి నరాలు దెబ్బతింటే మామూలు నరాల పరీక్షలో దొరకదని ఈవిడకి తెలుసు, చెప్పబోయింది కూడా. "ఫోన్‌లో చూశారా?" అన్నాడట ఆ కుర్ర డాక్టరు. ఇరవై రెండేళ్ల సర్వీసుకి దక్కిన మర్యాద అది.

మా పర్లాకిమిడిలో గుణుపురం పాసింజరెక్కి విశాఖ వెళ్తే, "మీది ఒడిశా కదా, సర్టిఫికెట్ అక్కడే రాయించుకోండి" అన్నారు. ఇక్కడికొచ్చి అడిగితే, "విశాఖలో చూపించుకున్నారుగా, వాళ్లనే రాయమనండి" అన్నారు. నాలుగడుగులేస్తే పాతపట్నం, అదేమో ఆంధ్ర. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపిన నాటినుంచీ మన గతి ఇంతే. ఫారం ఒడియాలో ఉంటుంది, పూర్తిచేసి పెట్టేవాడు వంద రూపాయలడుగుతాడు. సరే, ఆ గోల ఇంకోసారి రాస్తాను.

అసలు సంగతి డాక్టరు జబ్బు పేరు రాసిచ్చే ఆ చీటీయే. ఈవిడ ఫైలు బియ్యం బస్తా అంత అయింది, ఒక్క కాగితం మీదా కోవిడ్ అన్న మాట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులోనే ఈ లాంగ్ కోవిడ్‌కి నిర్వచనం ఇచ్చింది. కోవిడ్ సోకిన మూడు నెలల్లో మొదలై, కనీసం రెండు నెలలు ఉండి, ఇంకే జబ్బూ కారణం కాకపోతే ఇదేనని. జబ్బుల పట్టీలో దీనికి యు09.9 అని కోడ్ కూడా ఉంది. రాయడానికి పెన్ను కదలదంతే. అది లేకే మెడికల్ లీవు అయిపోయాక జీతం కోసేశారు, చివరికి మానేసింది. వికలాంగుల చట్టం, 2016లో దీర్ఘకాలిక నరాల జబ్బుల పేరెత్తి రెండు జబ్బులు చెప్పి, "వంటివి" అన్నారు. గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, "వంటివి" అంటే ఏమిటో నాకు తెలుసు. మెడికల్ బోర్డువారు మాత్రం తిమ్మిరికి వైకల్యం పర్సంటేజీ ఉండదన్నారు.

కోవిడ్ డ్యూటీలో చనిపోతే 50 లక్షల బీమా ఇచ్చారు. ఇవ్వాల్సిందే, ఆ కుటుంబాల మీద నాకు ఏడుపు లేదు. సగం చచ్చి బతికినవాళ్లకి మాత్రం అందులో ఒక్క లైను లేదు. 2020 మే 3న హెలికాప్టర్లలో ఆసుపత్రుల మీద పూలు చల్లారు. ఆ ఖర్చులో ఎంతమందికి నరాల డాక్టరు వచ్చేవాడో! చికున్‌గున్యా వచ్చిన మన ముసలమ్మల్ని అడిగినా చెబుతారు, జ్వరం పోయాక కీళ్లు ఎన్నాళ్లు పట్టి పీడించాయో. వైరస్ తోక వదిలిపెట్టడం కొత్తేమీ కాదు.

కోవిడ్ వార్డుల్లో పనిచేసిన ప్రతి నర్సునీ, వార్డు ఊడ్చిన ఆయమ్మలతో సహా పిలిచి పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాయమనండి. శాలువాలు మాకు చాలినన్ని ఉన్నాయి, బీరువాలో.

మీ విలేఖరిని ఒకసారి మా ఇంటికి పంపండి. మధ్యాహ్నం రెండు దాటాక రమ్మనండి, పొద్దున్నపూట ఈవిడ లేవలేదు. ముందురోజు ఫోన్ చేయమనండి, అరచేతి మీద రాసుకుంటుంది.

ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా