ఒంటారియో అడవుల్లో గడ్డిమందు ఆపండి: సహజ వనరుల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఒంటారియో సహజ వనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఆదిలాబాద్ జిల్లాలో పత్తి రైతు ఇంట్లో పుట్టాను. ఇప్పుడు కెనడాలో, మీ ఒంటారియో రాష్ట్రంలోని సడ్‌బరీలో ఉంటున్నాను. మీ ఆఫీసుకు ఇంగ్లిష్‌లో ఒక కాపీ పంపాను. దీన్ని తెలుగులోనూ రాస్తున్నది మీ రాష్ట్రంలో ఉంటున్న మావాళ్ల కోసం. మనం ఉంటున్న ఈ నేల మీద ఏం జరుగుతోందో వాళ్లకూ తెలియాలి.

పోయిన ఆగస్టులో ఇక్కడి ఆదివాసీలైన అనిషినాబె జనంలోని ఒక పెద్దావిడతో కలిసి బ్లూబెర్రీలు కోయడానికి వెళ్లాను. అందరూ ఆవిడను నోకొమిస్ అంటారు, అమ్మమ్మ అని. ఆ పండ్లను వాళ్లు మీనన్ అంటారు. వాటి పేరుతో వాళ్లకు ఒక నెలే ఉంది. బకెట్ సగం నిండాక దారి మలుపులో ఆవిడ ఆగిపోయింది. ఎదురుగా రాస్ప్‌బెర్రీ పొదలు, ఆస్పెన్ మొక్కలు ఆకులు ముడుచుకుని మాడిపోయి ఉన్నాయి. వాటి మధ్య మోకాలెత్తు స్ప్రూస్ మొక్కలు మాత్రం వరసగా, పచ్చగా ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు. బకెట్ బోర్లించి పండ్లన్నీ నేల మీద పోసేసింది. మందు ఎంతవరకు పడిందో తెలియకుండా మనవలకు ఎలా పెట్టను అని కారెక్కాక అంది.

ఆ మాడిన రంగు నాకు కొత్త కాదు. మా చేల గట్ల మీద గడ్డిమందు కొట్టిన వారం పది రోజులకు అదే రంగు వస్తుంది. మందూ అదే, గ్లైఫోసేట్. మా ఊళ్లో వీపున పంపు కట్టుకుని కొడతారు, ఇక్కడ హెలికాప్టర్ల నుంచి చల్లుతున్నారు.

ఎందుకు చల్లుతారో మీకు నేను చెప్పక్కర్లేదు, మావాళ్ల కోసం చెబుతున్నాను. అడవి నరికిన చోట కలప కోసం స్ప్రూస్, పైన్ నాటుతారు. వాటికన్నా ముందే ఆస్పెన్, బిర్చ్, బెర్రీ పొదలు లేస్తాయి. వాటిని చంపడానికే ఈ మందు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే చల్లడానికీ కారణం ఉంది. అప్పటికి స్ప్రూస్ ఆ ఏటి ఎదుగుదల ఆపేసి, మొగ్గ గట్టిపడి మందుకు తట్టుకుంటుంది. వెడల్పాటి ఆకుల మొక్కలు ఇంకా పెరుగుతూ మందును వేళ్ల దాకా లాక్కుంటాయి. కానీ అనిషినాబె జనం పండ్లు కోసుకునేదీ, ఔషధ మొక్కలు ఏరుకునేదీ, మూస్ అనే పెద్ద జింక వేటకు తయారయ్యేదీ సరిగ్గా అప్పుడే. మూస్ మేసేది కూడా ఆ లేత ఆస్పెన్, బిర్చ్ కొమ్మలనే. మీ ఫైళ్లలో కలుపు అని రాసి ఉన్నదే వాళ్లకు తిండి, వైద్యం.

లేబుల్ ప్రకారం వాడితే ప్రమాదం లేదని 2017లో కెనడా కేంద్ర ఆరోగ్య శాఖ, హెల్త్ కెనడా, తేల్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మాత్రం ఇది బహుశా క్యాన్సర్ కారకమే అంది. ఆ వాదన నేను తేల్చలేను. కానీ బ్రిటిష్ కొలంబియా అడవుల్లో చల్లిన పదేళ్ల తర్వాత కూడా కొన్ని మొక్కల్లో అవశేషాలు ఉన్నట్టు 2021లో ఒక అధ్యయనం చూపించింది. నోకొమిస్ భయం ఉత్తి భయం కాదు.

మందుకు అనుమతి ఇచ్చేది అట్టావాలోని కేంద్ర ప్రభుత్వం. అడవిలో చల్లాలా వద్దా అనేది మాత్రం మీ చేతిలోనే ఉంది. 1850 రాబిన్సన్-హ్యూరాన్ ఒప్పందంలో ఈ జనం తమ భూముల్లో ఎప్పటిలాగే వేటాడుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు అని క్రౌన్, అంటే బ్రిటిష్ రాజరిక ప్రభుత్వం, మాట ఇచ్చింది. మూస్‌కు మేత లేకుండా చేసి వేట హక్కు ఉందనడం ఎలా కుదురుతుంది? హ్యూరాన్ సరస్సు ఉత్తర తీరంలోని పెద్దలు 2014లో ఒక బృందంగా ఏర్పడి అప్పటి నుంచీ ఈ స్ప్రే ఆపమనే అడుగుతున్నారు. పదేళ్లు దాటింది మంత్రిగారూ.

ఆపితే కలప పరిశ్రమ ఏమైపోతుందని మీకు టెన్షన్ ఉండొచ్చు. పక్కనే ఉన్న క్యూబెక్‌ను చూడండి. 2001 నుంచి అక్కడి ప్రభుత్వ అడవుల్లో కలుపు మందు లేదు. రంపాలతో మనుషులే పొదలు కొడుతున్నారు. ఖర్చు ఎక్కువే, కానీ ఆ డబ్బు కూలీగా ఊళ్లలోకి వెళుతుంది. ఇంకో మాట: ఆస్పెన్, బిర్చ్ ఉన్న చోట మంట నెమ్మదిస్తుంది. 2023లో కెనడాలో కోటిన్నర హెక్టార్లకు పైగా అడవి కాలిపోయింది. అది చూశాక కూడా స్ప్రూస్, పైన్ మాత్రమే పెంచుకుంటూ పోదామా?

మా తెలుగు రాష్ట్రాలు రెండూ 2018లోనే గ్లైఫోసేట్ మీద ఆంక్షలు పెట్టాయి. పొలం గట్టు మీద కొట్టే మందుకే అక్కడ అంత ఆలోచించాల్సి వచ్చింది. ఇక్కడ చల్లుతున్నది వేరేవాళ్ల తిండి మీద.

ఈ ఏడాది స్ప్రే ప్రణాళికలను ఆపండి. ఆ పెద్దల దగ్గరకు మీరే వెళ్లి, వాళ్ల ఒప్పుకోలు లేకుండా ఇక చల్లబోమని రాసివ్వండి. ఆగస్టులో వస్తే ఆ దారి మలుపు మీకు చూపించడానికి నోకొమిస్ ఒప్పుకుంది.

ఇట్లు,
సడ్‌బరీలో ఉంటున్న ఒక తెలుగు మనిషి