గుంత పూడ్చేలోపు ఆ రాయిని రాసుకోండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన జనవరిలో బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పక్క స్థలంలో సెల్లార్ కోసం గుంత తవ్వారు. మూడు బేస్‌మెంట్ల లోతు. మా బాల్కనీలో నిలబడితే గుంత గోడ మొత్తం కనిపించేది. పైన ఎర్రమట్టి, దాని కింద చేత్తో నలిపితే పొడయ్యే పసుపు రాయి, ఇంకా కింద బూడిద రంగు బండ. ఆ బండను ఏటవాలుగా కోసుకుంటూ ఒక నల్లటి పట్టీ, ముప్ఫై అడుగుల వెడల్పు ఉంటుంది, ఈ మూల నుంచి ఆ మూలకు పోయింది. మూడు వారాలు రోజూ కాఫీ తాగుతూ దాన్నే చూశాను. నాలుగో వారం ఇనుప జాలీ బిగించి కాంక్రీటు కొట్టేశారు. అంతకుముందు ఎవరైనా వచ్చి ఒక్క ఫొటో తీసుకున్నారా అంటే, లేదు.

ఆ నల్ల పట్టీని డైక్ అంటారు. పాత బండ చీలినచోట లోపలి నుంచి కరిగిన రాయి పైకి ఎక్కి గట్టిపడితే ఏర్పడుతుంది. మనలాంటి రాతినేలలో నీళ్లు ఇసుకలో ఊరినట్టు ఊరవు, బండలోని పగుళ్లలో నడుస్తాయి. డైక్ అడ్డం వస్తే చాలాచోట్ల ఆ నడక ఆగిపోతుంది. డైక్‌కు ఇటు పక్క బోరులో నీళ్లుంటాయి, అటు పక్క బోరు ఎండిపోతుంది.

ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది. 2024 వేసవిలో ఊరంతా ట్యాంకర్ల కోసం కొట్టుకుంటున్నప్పుడు మా అసోసియేషన్ వాళ్లమూ చందాలు వేసుకుని బోరు వేయించాం. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నడిచిన పెద్దాయన చూపించిన చోటే బండి నిలబెట్టాం. ఆయనను తప్పు పట్టను, మేమే పిలిచాం, మాకు ఇంకో దారి చూపినవాళ్లు లేరు. రాత్రంతా బండి మోత. ఒక్కో రాడ్డు దిగేకొద్దీ పైకి వచ్చే పొడిని బండి కుర్రాడు వరుసగా చిన్న చిన్న కుప్పలు పోశాడు. ఎరుపు, పసుపు, బూడిద, 300 అడుగుల దగ్గర ఉన్నట్టుండి నలుపు, మళ్లీ బూడిద. వెయ్యి అడుగులు దాటినా తడి తగల్లేదు. తెల్లారాక ఆ కుప్పలన్నీ పారతో ఎత్తి రోడ్డు గుంతలో పోశాం. మా నేల కింద ఏముందో అంత వివరంగా చెప్పే కాగితం ఇంకొకటి ఉండదు. దాన్ని మేమే చేతులారా చెరిపేశాం.

మన దేశంలో నేల కింది రాళ్ల వివరాలు రాసిపెట్టే సంస్థ లేదనుకోకండి. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1851లో పుట్టింది. దాని మొదటి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ వచ్చింది బొగ్గు వెతకడానికే అయినా, దేశం నేలంతా వరసగా నడిచి రాళ్ల మ్యాపు గీసే పద్ధతి అక్కడి నుంచే స్థిరపడింది. మన కడప, కర్నూలు రాళ్లను అదే సంస్థలోని విలియం కింగ్ ఊరూరా తిరిగి పరిశీలించి 1872లో పుస్తకం వేశాడు. ఇంట్లో పరిచే కడప బండ పేరు భూగర్భ శాస్త్రంలో నిలిచింది కూడా ఆ కాలపు నడకల వల్లే. టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) పట్టుకుని, సుత్తితో రాయి కొట్టి, లెన్స్‌తో చూసి, పొర ఎటు వాలిందో కంపాస్‌తో కొలిచి గుర్తు పెట్టుకుంటూ పోవాలి. అలా తరాల తరబడి నడిచి, దేశంలో మ్యాపు చేయదగ్గ నేలను దాదాపు మొత్తం 1:50,000 స్కేలులో పూర్తి చేశారు. ఆ మ్యాపులు ఆ సంస్థ నడిపే భూకోశ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

కానీ ఆ స్కేలులో ఒక సెంటీమీటరు అంటే అర కిలోమీటరు. మా పక్క గుంతలోని పట్టీని అందులో గీస్తే మిల్లీమీటరులో అయిదో వంతు కూడా రాదు, పెన్సిలు గీత కన్నా సన్నం. పైగా జియాలజిస్టు మ్యాపు గీసేది బయటకు కనిపించే రాయిని బట్టి. రాయి కనిపించని చోట అటు ఇటు చూసి అంచనా వేస్తాడు. బెంగళూరులో కనిపించే రాయి ఇంకెంత మిగిలింది? లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం కింది బండను, 300 కోట్ల ఏళ్ల నాటిదని, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించి కాపాడారు. ఆదివారం పిల్లలు దాని మీద జారుతూ ఆడుకుంటారు. అలాంటి గుట్టలు ఎన్నో క్వారీలై, లేఅవుట్లై పోయాయి. ఇప్పుడు ఈ ఊళ్లో రాయి బయటపడేది సెల్లార్ గుంతల్లో, మెట్రో తవ్వకాల్లో, బోరు పొడిలో మాత్రమే. అదీ కొన్ని రోజులే.

అలా బయటపడిన రాయి వివరాలు రాసి ఇవ్వమంటే బిల్డర్లకు కొత్త ఖర్చు అంటారేమో. పెద్ద బిల్డింగుకు పునాది వేసే ముందు సాయిల్ టెస్ట్ ఎలాగూ చేయిస్తారు, ఎన్ని అడుగులకు ఏ మట్టి, ఏ రాయి అని ఆ రిపోర్టులో ఉంటుంది. దాని కాపీ ఒకటి ప్రభుత్వానికి ఇవ్వడానికి ఏం నొప్పి? బోరుకు అనుమతి తీసుకోవాలని కర్ణాటకలో 2011 నుంచే చట్టం ఉంది. అనుమతి ఇచ్చేటప్పుడే, వేసిన తర్వాత ఎన్ని అడుగులకు ఏ రాయి వచ్చిందో, నీళ్లు ఎక్కడ తగిలాయో రాసి ఇవ్వాలని ఒక్క షరతు గట్టిగా పెట్టి అమలు చేయాలి. బ్రిటన్‌లో నీళ్ల కోసం 15 మీటర్లు దాటి బోరు వేస్తే వివరాలు ఇవ్వడం తప్పనిసరి. పది లక్షలకు పైగా బోరు రికార్డులు వాళ్ల జియోలాజికల్ సర్వే దగ్గర ఉన్నాయి, చాలావాటిని ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

గుంతల సంగతికి అంత కూడా అక్కర్లేదు. కాంక్రీటు కొట్టే ముందు ఒక రోజు ఆపి, జియాలజీ చదివే పిల్లలను ఒక మాస్టారితో లోపలికి పంపిస్తే చాలు. ఫొటోలు, కొలతలు, చేతిలో పట్టేంత రాయి ముక్క. అవన్నీ భూకోశ్‌లో చేరితే రేపు బోరు వేయించే అసోసియేషన్ మాలాగా గుడ్డిగా డబ్బు పోసే పని ఉండదు. నగరపాలక అధికారులు, గనులు భూగర్భ శాఖ వాళ్లు ఈ విషయంలో ఏం చేస్తారో మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

మా వీధి చివర ఖాళీ స్థలానికి నిన్న రేకులు కట్టారు. వచ్చే నెల తవ్వకం మొదలుపెడతారట.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కె.ఆర్. పురం, బెంగళూరు